కట్ట లేని నీళ్లు

ఆ రోజుల్లో ఎక్కడికైనా పోవాలనుకుంటే, ఫోన్ తెరిచి ముక్కూ మొహం తెలియని వాళ్లు ఆ ఊరికి ఎన్ని చుక్కలిచ్చారో లెక్కపెట్టే సౌకర్యం మాకింకా రాలేదు. ఫోన్లు ఉన్నాయి గానీ అవి మాట్లాడుకోవడానికే పనికొచ్చేవి. ఆ ఊరు పోయివచ్చిన మనిషి ఒకడు దొరికితే వాడికి చాయ్ తాగించి, 'ఎట్లుంటది?' అని అడిగేవాళ్లం. 'మంచిగుంటది' అంటే బయల్దేరేవాళ్లం, 'బేకార్' అంటే సంచి దించి మళ్లీ అటక మీద పెట్టేవాళ్లం. మా దోస్తులందరిలో సముద్రం చూసిన మొనగాడు ఒక్కడే ఒక్కడు. నాకు పెళ్లైన కొత్తలో ఆ ఒక్కడి మాట పట్టుకుని నేను పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. (అప్పుడు రాలేదు. అప్పుడు ఇంట్లో నాతో మాట్లాడే దిక్కే లేదు.)

నేను కరీంనగర్‌లో ఒక గ్రానైట్ సేటు దగ్గర బండలు కొలిచే ఉద్యోగం చేసేవాణ్ణి. బండ పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి, పగుళ్లకు ఇంత, వంకరలకు ఇంత అని తీసేసి, మిగిలిందే అసలు కొలతగా రాయాలి. రోజంతా ఈ తీసివేతలతోనే గడిచేది కాబట్టి, ఎవరేం చెప్పినా అందులోంచి కొంత తీసేసి వినడం నాకు అలవాటైపోయింది. మా ఆవిడది మందమర్రి. వాళ్ల బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. పెళ్లైన నాలుగో నెలలో ఒకరోజు నేను కాలు మీద కాలేసుకుని, రాజుగారిలాగా, "నిన్ను యాడికి తీస్కపోవాలె, చెప్పు" అన్నాను. యాదగిరిగుట్ట అంటుందనుకున్నాను. ఆమె మాత్రం "సముద్రం" అంది. ఎందుకని అడిగితే, "మా బాపు ఎన్నో ఏండ్ల సంది భూమి కిందికే పోతుండు. మా ఇంట్ల అందరికి కిందికి దిగుడే తెలుసు. నాకు దూరం చూడాలనుంది. మధ్యల ఏం అడ్డం ఉండొద్దు" అంది. ఆ మాటకు నేను నిలువునా కరిగిపోయాను. మర్నాడే సేటును బతిమాలి నాలుగు రోజులు సెలవు తీసుకుని, వరంగల్ నుంచి విశాఖకు టికెట్లు తీయించాను. సాయంత్రానికల్లా మా గల్లీలో అన్ని ఇళ్లకూ, మందమర్రిలో వాళ్ల అవ్వకూ ఈ సంగతి తెలిసిపోయింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా లేదు. నేను పోయి నా దోస్తుకు చెప్పాను.

వాణ్ణి మేం మత్తడి అనేవాళ్లం. చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు మత్తడి. వాడు నోరు తెరిస్తే అంతే, పొర్లడం మొదలైతే ఆపేవాడు లేడు. వాడిది హుస్నాబాద్ దగ్గర పల్లె. వాళ్ల బాపు ఆ ఊరి నీరటి, అంటే చెరువు తూము తీసి, మూసి, ఏ పొలానికి ఎన్ని నీళ్లో పంచిపెట్టి, వానలు ముదిరితే కట్ట మీద కాపలా ఉండే మనిషి. వాళ్ల తాత కూడా నీరటే. కాబట్టి నీళ్ల సంగతిలో వాడి మాటకు మాలో బరువెక్కువ. పైగా ఒకసారి ఉద్యోగం పరీక్ష రాయడానికి విశాఖ పోయి, సముద్రాన్ని స్వయంగా చూసి వచ్చాడు. బస్టాండు ముందు చాయ్ తాగుతూ నేను సంగతి చెప్పగానే వాడు గ్లాసు కింద పెట్టేశాడు.

"సముద్రమా? ఏమున్నదిరా గక్కడ? బేకార్."

"ఏం, గలీజుంటదా?"

"గలీజు గాదు. కట్ట లేదు."

"ఏం లేదు?"

"కట్ట లేదురా! గన్ని నీళ్లున్నయి, యాడ చూసినా కట్ట లేదు. తూము లేదు, మత్తడి లేదు. గసొంటి నీళ్లను ఎట్ల నమ్ముతవ్? వదినెను తీస్కపోయి గక్కడ నిలవెడ్తవా?"

"అందరు పోతున్నరు గదరా."

"పోతరు. ఆళ్లకేం ఎర్క నీళ్ల సంగతి? మన మానేరు డ్యాం చూడు, ఎంత పద్ధతిగుంటది! కట్ట మీద కూసుండి బజ్జీలు తిను. అవుతలి గట్టు కనవడ్తది, పానం నిమ్మళముంటది. సముద్రానికి అవుతలి గట్టే లేదు. సగంల ఆపిన పని అది!"

నేను అక్కడే పడీపడీ నవ్వాల్సింది. నవ్వలేదు. ఎందుకంటే మాదీ చెరువు కింద పొలాలున్న ఊరే. పుట్టి బుద్ధెరిగిన తర్వాత కట్ట లేకుండా నిలబడ్డ నీళ్లను నేనూ ఎక్కడా చూడలేదు. ఇంటికొచ్చి, ఆఫీసు కాగితం వెనక్కి తిప్పి, వాడి అభిప్రాయాన్ని బండను కొలిచినట్టు కొలవడం మొదలుపెట్టాను. పరీక్ష తప్పిన కోపానికి ఇంత తీసేశాను. నాకు పెళ్లైంది, వాడికి కాలేదు, ఆ కుళ్లుకు ఇంత తీసేశాను. ఏ హోటల్లో ఏం పెట్టినా ఉప్పెక్కువైందని వంక పెట్టే గుణానికి ఇంకొంత. అన్నీ పోగా కూడా 'కట్ట లేదు' అనే ముక్క మాత్రం ఎక్కడా పగులు లేకుండా నున్నగా మిగిలిపోయింది. మా ఆవిడ వచ్చి కాగితంలోకి తొంగిచూసింది.

"ఏం రాస్తున్నవ్?"

"మత్తడిగాడు సముద్రం బేకార్ అంటుండు. జర ఆలోచిస్తున్న."

"ఆలోచించు" అంది. అంతే. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడడం మానేసింది. నాకు చెప్పాల్సినవన్నీ చారుగిన్నెకు చెప్పేది, అదీ కాస్త గట్టిగా కింద పెట్టి.

తెలివిగలవాడు ఇక్కడైనా ఆగేవాడు. నేను మాత్రం, ఒక మాటతో తేలకపోతే పెద్దమనిషిని అడగాలి కదా అనుకుని, ఆదివారం మత్తడిని వెంటబెట్టుకుని వాళ్ల బాపు దగ్గరికి బయల్దేరాను. మా ఆవిడ కూడా చెప్పులేసుకుంది. "నా సముద్రం గురించి ఎవరెవరు ఏమేమంటరో నేను గూడ వింట" అని తలుపుతో చెప్పి బస్సెక్కింది.

కాక (వాళ్ల బాపును నేను అట్లాగే పిలిచేవాణ్ణి) ఇంటి ముందు మంచం మీద కూర్చుని పారకు కొత్త కట్టె బిగిస్తున్నాడు. మేం చెప్పిందంతా విన్నాడు, ఒక్కసారి కూడా నవ్వలేదు. పార పక్కన పెట్టి విచారణ మొదలుపెట్టాడు.

"దాని కింద పొలం ఎంత పారుతది?"

"ఏం పారదు కాకా. ఉప్పునీళ్లు."

"తాగనీకె?"

"తాగనీకె గూడ రావు."

కాక రెండు వేళ్లు మడిచాడు. "పొలం పారది, తాగనీకె రావు. మరి గన్ని నీళ్లు ఎందుకు పెట్టుకున్నరు?" అన్నాడు. సముద్రం పక్కన ఉండే జనమందరి తరఫునా నేనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చినట్టు తల దించుకున్నాను.

"పోనీ, కావలి ఎవరుంటరు?"

"ఎవ్వరుండరు."

"ఎవ్వరుండరా!" అని కాక మంచం దిగి లేచి నిలబడ్డాడు. మత్తడి నావైపు తిరిగి, "నే చెప్పలేదా?" అన్నాడు.

అప్పుడు మా ఆవిడ నోరు తెరిచింది. వారం రోజుల తర్వాత మనుషులతో ఆమె మాట్లాడిన మొదటి మాటలవి. "మామా, ఒక్క మాట అడుగుత. ఈయన మొన్న దోస్తును అడిగిండు. ఇయ్యాల నిన్ను అడుగుతుండు. రేపు ఎవలను అడుగుతడో. సముద్రం చూస్తనన్నది నేను. టికెట్ తీసిన కాడ్నుంచి నీకేం కావాలె అని నన్ను ఒక్కలు గూడ అడగలే." నాకు నిజంగా సిగ్గేసింది. కాకకూ సిగ్గేసినట్టుంది, తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

"అవు బిడ్డా, నీదే నిజం. నువ్వు పోవాల్సిందే" అన్నాడు. మా ఆవిడ మొహం వెలిగింది. కాక ఇంకా ముగించలేదు. "కని, కట్ట లేని నీళ్ల కాడికి గీ పోరగాన్ని నమ్మి నిన్ను తోలుడు నాతోని గాదు. నేను గూడ వస్త."

బాపు వస్తే కొడుకు రాకుండా ఎట్లా? ఆ విధంగా మా కొత్త జంట విహారయాత్రకు మేం నలుగురం తేలాం.

బయల్దేరే రోజు కాక వరంగల్ స్టేషన్‌కు భుజాన పారతో, చంకలో రెండు ఖాళీ గోనెసంచులతో వచ్చాడు. ఇవెందుకని అడిగితే నన్ను జాలిగా చూసి, "గండి వడ్తే? ఒట్టి చేతులతోని నిలవడాల్నా?" అన్నాడు. (గండి పడితే సంచుల్లో మన్ను నింపి అడ్డం వేస్తారు. రెండు సంచులతో బంగాళాఖాతం ఆగుతుందా అని ఆ క్షణాన నాకు తోచలేదు. రెండు చాలవేమో, నాలుగు తేవాల్సిందేమో అనే తోచింది.) వాళ్లిద్దరూ జనరల్ బోగీలో ఎక్కారు. అక్కడెవరో పార చూసి ఎక్కడ పని అని అడిగితే, కాక గంభీరంగా "సముద్రం కాడ" అన్నాడట. మా ఆవిడ దారంతా కిటికీతోనే మాట్లాడింది.

పొద్దున్నే బీచికి చేరాం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇసుకలో దిగినప్పటి నుంచీ నాకు ఒక్కటే ఆత్రం: ఎవరి మాట నెగ్గుతుంది? అందుకని నేను తడి ఇసుకలో సముద్రానికి వీపు పెట్టి, పరీక్ష హాల్లో సార్ లాగా ఈ ముగ్గురి మొహాలకెదురుగా నిలబడ్డాను.

కాక నీటి అంచుదాకా పోయి పార నేలకు గుచ్చాడు. అల వచ్చి పారను తడిపి వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. కాక అట్లా చాలాసేపు చూశాడు. చివరికి పార పీక్కుని వెనక్కి వచ్చి, "ఇది మనసొంటోళ్లు కావలి కాసే నీళ్లు గావురా. దానంతట అదే వస్తది, దానంతట అదే పోతది. ఒక్కలు గూడ అక్కర్లే" అన్నాడు. గోనెసంచి ఇసుకలో పరుచుకుని, తలగుడ్డ మొహం మీద కప్పుకుని, ఎండ ఇంకా ఎక్కకముందే గుర్రుపెట్టి నిద్రపోయాడు. "మా బాపు నీళ్ల పక్కన కునుకు తీసుడు నేను చూడలేరా ఎప్పుడు" అన్నాడు మత్తడి మెల్లగా.

అయితే వాడు మాత్రం నీళ్లకు ఇరవై అడుగుల దూరంలో, రెండు చెప్పులూ గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

"గా చెప్పులెందుకురా పట్టుకున్నవ్?"

వాడు అటూఇటూ చూశాడు. "పరీక్ష దినం పొద్దుగాల గీడికే వచ్చిన. చెప్పులు ఇడ్సి కాళ్లు కడుక్కున్న. ఎన్కకు తిరిగి చూస్తే లెవ్వు. ఒట్టి కాళ్లతోని పరీక్షకు పోయిన. అందరు నా కాళ్ల దిక్కే చూస్తుండ్రు. ఏం రాసిన్నో నాకే ఎర్కలే."

"గిదారా నీ బేకార్? చెప్పుల కోసమా?"

"కట్ట ఉంటే పోతుండెనా?" అన్నాడు వాడు, ఏమాత్రం తగ్గకుండా.

నా తీసివేతల్లో అన్నిటికీ లెక్క ఉంది, చెప్పులకు లేదు! నేను కోపంతో వాణ్ణి నాలుగు తిట్టబోయి నోరు తెరిచాను. వెనక నుంచి అల వచ్చి మోకాళ్ల వెనక ఒక్క తన్ను తన్నింది. నేను బోర్లా పడ్డాను. నోట్లో ఇసుక, ముక్కులో ఉప్పునీళ్లు, పెళ్లికి పెట్టిన కొత్త చెప్పుల్లో ఒకటి సముద్రంలో. "నే చెప్పలేదా!" అని మత్తడి దూరం నుంచే కేక పెట్టాడు. వాడి జీవితంలో అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

అప్పుడు వినిపించింది నవ్వు. మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, నన్ను చూసి పగలబడి నవ్వుతోంది. నవ్వుతూనే వచ్చి చెయ్యిచ్చి లేపింది. ఇన్ని రోజులు అడగాల్సిన మనిషిని అప్పుడు అడిగాను.

"ఎట్లుంది?"

"నన్నేనా అడుగుతున్నవ్?"

"నిన్నే."

ఆమె అటు తిరిగి కాసేపు చూసింది. "దూరముంది" అంది. "మంచిగ దూరముంది." మళ్లీ నావైపు తిరిగి, "నువ్వు చూసినవా?" అంది. చూద్దామని తిరిగాను గానీ, కళ్లలో పడ్డ ఉప్పుకూ ఇసుకకూ నాకేమీ ఆనలేదు. అయినా చూశానని తలూపాను.

ఆ తర్వాత పిల్లలు, చదువులు, ఉద్యోగంలో బండలు తగ్గి కాగితాలు పెరగడం, ఇట్లా ఏళ్లు గడిచిపోయాయి. మళ్లీ అటు పోవడం పడలేదు. కాక తలగుడ్డ కింద పెట్టిన గుర్రు నాకు గుర్తుంది, మత్తడి చెప్పుల్ని పట్టుకున్న తీరు గుర్తుంది, మా ఆవిడ నవ్వులో ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుందో కూడా గుర్తుంది. సముద్రమే సరిగ్గా గుర్తులేదు. అంత దూరం పోయి దానికి వీపు పెట్టి నిలబడ్డ ఆ కొత్త పెళ్లికొడుకును తలుచుకుంటే, పాపం, వెళ్లి భుజాలు పట్టి అటు తిప్పాలనిపిస్తుంది. ఎవరైనా నన్ను సముద్రం ఎట్లా ఉంటుందని అడిగితే, మా ఇంట్లో అడగండి, ఆమె చూసింది అంటాను.