వెళ్ళే రోజులు, ఉండే రోజులు

మా మరిది, అంటే మా చెల్లి భర్త, కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో కూర్చుని ఆ అచ్చుకు సరిపోయేలా పళ్ళు అమర్చే మనిషి. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఎంతమంది ఆయన చేసిన పళ్ళతో నవ్వుతున్నారో ఆయనకే తెలియదు. ఆయన పేరు వాళ్ళకి అసలే తెలియదు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. పళ్ళను ముందు మైనంలో గుచ్చుతారు. మైనం మెత్తన కాబట్టి పన్నును అటూ ఇటూ జరపవచ్చు. ఆ మనిషినే ల్యాబుకి పిలిపించి, నోట్లో పెట్టి చూసి, అంతా బాగుందనుకున్నాక మైనం తీసేసి గట్టిదానితో పోత పోస్తారు. పోశాక ఇక మార్చడానికి ఉండదు. మైనం మీద ఉండగా ఈ పని చేసే మిగతావాళ్ళు "ఒకటి, రెండు, మూడు" అనమంటారు. మా మరిది మాత్రం ఇంట్లో ఎవరినైనా తిట్టమంటాడు. తిట్టేటప్పుడు మనిషికి నోటి మీద ధ్యాస ఉండదట, దవడ నిజంగా ఎలా ఆడుతుందో అప్పుడే తెలుస్తుందట. పెద్దమనుషులు మొదట సిగ్గుపడతారు. తర్వాత ఆపమన్నా ఆపరు.

వచ్చిన చిక్కల్లా, ఈ పద్ధతిని ఆయన ఇంటికి కూడా తెచ్చుకోవడం. ఏదీ ఒక పట్టాన తేల్చడు. "మైనంలో పెట్టి చూద్దాం" అంటాడు. ముందుగదికి రంగు వేయించమంటే గోడకి చేటంత మేర ఆకుపచ్చ రంగు పూయించి, నాలుగు రోజులు చూద్దామన్నాడు. నాలుగేళ్ళయింది. కూతురు పుట్టినప్పుడు మూడు పేర్లు అనుకుని ఒక్కొక్కటీ ఒక వారం పిలిచి చూశాడు. నెల కూడా నిండని పిల్ల ఏ పేరుకు పలుకుతుంది? చూసి చూసి మా చెల్లి నాలుగో పేరు పెట్టేసింది.

అలాంటి మనిషికి బాగా దక్షిణాన ఉన్న ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మరీ పెద్ద ఊరూ కాదు, చిన్న ఊరూ కాదు. రైల్లో ఒక రాత్రి, ఒక పగలు. అక్కడ పళ్ళ వైద్యం చెప్పే కాలేజీలో, చేత్తో పళ్ళు అమర్చడం నేర్పే మనిషి కావాలట. ఈయన చేసిన సెట్టు ఎవరి నోట్లోనో చూసి, ఎవరు చేశారని వాకబు చేసి మరీ పిలిచారు. మూడు వారాల్లో ఏదో ఒకటి చెప్పమన్నారు.

ఇక్కడి ల్యాబులో రెండేళ్ళ కిందట యంత్రం వచ్చింది. కంప్యూటర్లో బొమ్మ గీస్తే అది పన్ను చెక్కి పెడుతుంది. అది చెక్కినవాటికి మెరుగు పెట్టడం ఒక్కటే ఈయనకు మిగిలింది. మైనం కత్తి సొరుగులోకి పోయింది. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, మా చెల్లే కనిపెట్టి నాకు చెప్పింది. ఇక్కడే ఉంటే ఆయన చేతిపని ఇంతటితో సరి. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని ఇంకోసారి ఎవరు పిలుస్తారు?

ఇక నా సంగతి. ముందే చెప్పేస్తాను, తర్వాత దాచానని అనకండి. మా చెల్లి నాకన్నా పదకొండేళ్ళు చిన్న. నేనుండేది వాళ్ళింటికి రెండు వీధుల అవతల, ఒక్కదాన్నే. బళ్ళో లెక్కలు చెప్పి నిరుడు రిటైరయ్యాను. అది ఆసుపత్రిలో విచారణ కిటికీ దగ్గర పనిచేస్తుంది. ఐదున్నరకు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, చేతిసంచీ కింద పెట్టకుండానే టీ అడుగుతుంది. గంటసేపు కూర్చుని లోకాన్నంతా ఆడిపోసుకుని వెళ్తుంది. మిగతా ఇరవై మూడు గంటలూ నేను ఆ గంట కోసమే గడుపుతాను. కాబట్టి ఈ విషయంలో సలహా అడగకూడని మనిషి ఎవరైనా ఉంటే అది నేను. ముగ్గురూ నన్నే అడిగారు.

అనుకున్నట్టే మరిది మైనం మాట ఎత్తాడు. "పది రోజులు వెళ్ళిపోతున్నట్టే ఉందాం. ఆ తర్వాత పది రోజులు ఉండిపోతున్నట్టే ఉందాం. ఎవరి ముఖం ఎలా ఉంటుందో చూస్తే తేలిపోతుంది" అన్నాడు. మా చెల్లి కూడా సరేనంది. పదిహేడేళ్ళ కాపురంలో దానికీ ఆ జబ్బు అంటుకుంది.

వెళ్ళే రోజుల్లో ఇల్లు వెలిగిపోయింది. చెల్లి అటక మీది సామానంతా దింపి, పారేసేవి ఒకవైపు, తీసుకెళ్ళేవి ఒకవైపు పెట్టింది. పక్కింటావిడతో ఏడేళ్ళుగా ఉన్న నీళ్ళ తగాదా పక్కన పెట్టి తనే పలకరించింది. వెళ్ళిపోయేవాళ్ళకి పంతాలెందుకంది. ఒక సాయంత్రం నా దగ్గర కూర్చుని, "ఆయన ముఖం చూశావా అక్కా, ఎంత తేలిగ్గా ఉందో. నేను కాదంటే ఏమైపోతాడు?" అంది.

"నీకు వెళ్ళాలని ఉందా, లేదా?"

"అదే తెలీట్లేదు. పొద్దున లేవగానే ఉంటుంది. మధ్యాహ్నానికి ఉండదు."

మర్నాడు మరిది వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "వదినగారూ, ఆవిడకి వెళ్ళాలనే ఉన్నట్టుంది. అటక కూడా సర్దేసింది. కానీ నా కోసమే నవ్వుతోందేమోనని అనుమానంగా ఉంది" అన్నాడు.

"మరి మీకో?"

"నాదేముందండీ. ముందు వాళ్ళది తేలనివ్వండి."

పిల్లకు పదమూడేళ్ళు. స్నేహితురాలితో పేచీ పెట్టుకుని వచ్చి, "పెద్దమ్మా, రేపే వెళ్ళిపోతే బాగుండు" అంది. రెండు రోజులకి ఇద్దరూ ఒకే సైకిల్ మీద వచ్చారు. "పెద్దమ్మా, వాళ్ళు వెళ్తే నేను నీ దగ్గర ఉండి చదువుకోనా?" అంది. నేను ఎటూ చెప్పలేదు. ఎవరికీ ఎటూ చెప్పలేదు. నా మనసులో మాట బయటికొస్తే వాళ్ళు ఉండిపోతారని తెలుసు, అలా ఉండిపోతే బాగుండునని రోజూ అనుకున్నాను కూడా. ఊరుకోవడం పెద్దరికం అనుకున్నాను గానీ, అది పిరికితనమేమో తెలియదు.

ఈ గందరగోళం చాలదన్నట్టు చెల్లి ఇంకొకటి చేసింది. మెట్ల మీద ఇంటి ఓనరు ఎదురై సామానెందుకు దింపారని అడిగితే, ఇవి వెళ్ళే రోజులు కదా అని, "వెళ్ళిపోతున్నామండీ" అంది. అలా అనకపోతే పరీక్ష సరిగ్గా జరగదట. ఉండే రోజులు మొదలైన పొద్దున్నే ఆయన ఇల్లు చూపించడానికి ఒక కొత్త జంటను వెంటబెట్టుకుని వచ్చి తలుపు కొట్టాడు. మరిది తలుపు తీశాడు.

"మేం ఉండిపోతున్నామండీ, ఇవాళ్టి నుంచి" అన్నాడు.

"మరి నిన్న?"

"నిన్నటిదాకా వెళ్తున్నాం."

ఆ కొత్త పెళ్ళికూతురు లోపలికి తొంగిచూసి, గోడ మీద ఆ ఆకుపచ్చ ముక్క ఏమిటని అడిగిందట. ఓనరు తల పట్టుకుని, వచ్చే వారం శనివారం లోపల ఏదో ఒక మాట మీద ఉండండి బాబూ అని చెప్పి దిగిపోయాడు.

ఉండే రోజుల్లో ఇంట్లో మాటలు తగ్గాయి. దింపిన సామాను చెల్లి మళ్ళీ ఎక్కించలేదు. దానికి ఇంకా వెళ్ళాలని ఉందా, లేక ఒళ్ళు అలిసిందా? మరిది రెండు ముద్దలు తక్కువ తిన్నాడు. బెంగా, అజీర్తా? ఒకరినొకరు అలా చూసుకుంటూ, అన్నం తింటున్నంతసేపూ ఎవరి కంచం వాళ్ళు చూసుకోవడమే మానేశారు. ఏ ముఖాన్ని ఎలా చదవాలో ఎవరికీ తెలియలేదు. నాకైతే రెండు పూటలా తలనొప్పి.

ఆ శనివారానికి ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం, నా పై వరస కట్టుడు పళ్ళ సెట్టులో ఒక పన్ను ఊడింది. సెట్టు రుమాలులో చుట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. గాజు గదిలో యంత్రం నీళ్ళు చిమ్ముకుంటూ పన్ను చెక్కుతోంది. ఇద్దరమ్మాయిలు కంప్యూటర్ల ముందు కూర్చుని బొమ్మలు తిప్పుతున్నారు. మరిది మూల బల్ల దగ్గర, తిరిగే చక్రానికి ఒక పన్ను ఆనించి మెరుగు పెడుతున్నాడు. కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి. చేతులే పని చేస్తున్నాయి.

నన్ను చూసి లేచాడు. రుమాలు విప్పి చూసి, సొరుగు లాగి మైనం కత్తి తీశాడు. స్పిరిట్ దీపం మూడో అగ్గిపుల్లకు గానీ వెలగలేదు. కత్తి కొన వేడిచేసి మైనం కరిగించి, కొత్త పన్ను కూర్చోబెట్టి, గోటితో ఒకసారి జరిపి నా నోట్లో పెట్టాడు.

"ఊఁ, తిట్టండి వదినగారూ."

"ఎవరిని?"

"మీ ఇష్టం. ఇంట్లోవాళ్ళయితే బాగా వస్తుంది."

నా ఇంట్లో ఎవరున్నారు తిట్టడానికి? ఎదురుగా ఉన్నది ఈయనే. మొదలుపెట్టాను. "మీలాంటి నాన్చుడు మనిషిని నేనెక్కడా చూడలేదు. గోడకి రంగు తేల్చుకోలేరు గానీ ఊరు మారతారట ఊరు. ఎవరి ముఖమో చూసి మీరు తేల్చేదేమిటి? మీకు నోరు లేదా? మా చెల్లిని రైలెక్కించి తీసుకుపోతే సాయంత్రం నేనెవరితో మాట్లాడాలి? అది రాని రోజున నేను టీ కూడా పెట్టుకోనని తెలుసా మీకు?"

అక్కడ ఆగిపోయాను. ఆగినా లాభం లేదు, అనాల్సిందంతా అనేశాను.

ఆయన నా దవడ వైపే చూస్తున్నాడు. "ఎడమవైపు వెంట్రుకవాసి ఎత్తుంది" అన్నాడు. తీసి, దీపం దగ్గర పట్టుకుని, మళ్ళీ సరిచేశాడు. అప్పుడు చూశాను. కింది పెదవి పంటితో నొక్కి పట్టి, ఊపిరి కూడా తీసుకోకుండా, ఆ ఒక్క పన్ను తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు ఉన్నాడు. పది రోజులూ, పది రోజులూ అని ఇంటిల్లిపాదీ ఒకరినొకరు చూసుకున్నారు గానీ, ఈయన పని చేస్తుండగా ఎవరూ వచ్చి చూడలేదు. నా తిట్లకు నాకే సిగ్గేసింది.

రెండోసారి పెట్టేసరికి పన్ను అక్కడే పుట్టినట్టు సరిపోయింది. రేపటికి పోత పోసి పంపిస్తానన్నాడు. దీపం ఆర్పాడు. కత్తి తుడిచి సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు. ఆ తర్వాత ఎంతో మామూలుగా, "ఉండిపోతాం లెండి వదినగారూ. మీరు బెంగ పెట్టుకోకండి" అన్నాడు.

నాకు కావలసిందే అది. మూడు వారాలుగా కోరుకున్నది అదే. ఇంటిదాకా నడిచి వస్తుంటే సంతోషం ఎందుకు రావడం లేదో అర్థం కాలేదు.

ఐదున్నరకు చెల్లి వచ్చింది. టీ అడగలేదు. "ఆయన ఫోన్ చేశాడక్కా. ఉండిపోదాం అన్నాడు. ఎందుకంటే చెప్పడు. నవ్వాడు కూడా. నిజం నవ్వో కాదో తెలీట్లేదు. నాకు బుర్ర పనిచేయట్లేదు, నువ్వొక మాట చెప్పు. నువ్వేదంటే అదే."

"వెళ్ళండి" అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. నేను పొయ్యి వైపు తిరిగి ల్యాబులో జరిగిందంతా చెప్పాను, నేను తిట్టిన తిట్లతో సహా. "నా కోసమే ఉంటానన్నాడే. ఇక్కడుంటే ఆయన మళ్ళీ ఆ కత్తి పట్టుకోడు. తీసుకెళ్ళు" అన్నాను.  అది అడక్కుండానే టీకి నీళ్ళు పెట్టాను.

చెల్లి చేతిసంచీ కింద పెట్టింది. "నువ్వు వద్దంటావనే నిన్ను అడిగానక్కా" అంది.

"తెలుసు" అన్నాను.

శనివారం ఓనరుకు చెప్పేశారు. వచ్చే నెల మొదట్లో ప్రయాణం. నేను చేసింది మంచో చెడో ఇవాళ్టికీ నాకు తెలియదు. నలభై ఏడేళ్ళలో నేను చెప్పిన మాట ఒక్కటీ వినని మనిషి, ఇదొక్కటి విన్నది.