తుకినెమ్ వండనన్న పెళ్ళి

తూర్పు జావాలోని ఆ ఊళ్ళో పెళ్ళయినా చావయినా వంటకు పెద్ద తుకినెమ్. ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. కొబ్బరి సన్నగా తురమని కోడళ్ళను "నిన్ను మీ అమ్మ పెంచిందా, మేక పెంచిందా?" అని అడిగేది. అయినా ఆమె కబురు పెడితే ఆడవాళ్ళంతా కత్తులూ చేటలూ పట్టుకుని వచ్చేవాళ్ళు.

ఊరిపెద్ద హర్జోనో పట్నంలో ఏదో సదస్సుకు వెళ్ళొచ్చి ఊరి మొదట్లో కమాను కట్టించాడు. 'మానవ హక్కుల ఆదర్శ గ్రామం, ఇక్కడ అందరూ మనవాళ్ళే' అని దానిమీద రాయించాడు. పక్కన, ఎవరూ అడక్కపోయినా, తన నవ్వుముఖం వేయించుకున్నాడు.

ఆ రంగు ఆరకముందే వగిమిన్ చచ్చిపోయాడు. కొడవళ్ళు సానబట్టే మనిషి. అందరిలా మసీదుకు వెళ్ళేవాడు కాదు, తాతలనాటి జావా నమ్మకం అతనిది. గుర్తింపు కార్డులో మతం దగ్గర ఉత్త గీత ఉండేది. కొడవలికి పదును కావలసినప్పుడు ఎవరికీ కనిపించని ఆ గీత, శవం శ్మశానం గేటు దగ్గరికి రాగానే ఊరందరికీ కనిపించింది.

"వీణ్ణి మనవాళ్ళ పక్కన ఎలా పెడతాం?" అని నలుగురు కుర్రాళ్ళు అడ్డం నిలబడ్డారు.

వగిమిన్ భార్య లసియెమ్ ఊరిపెద్ద వైపు చూసింది.

"గొడవలొద్దమ్మా, ఊరికి శాంతి ముఖ్యం. మీ పెరట్లో చోటుందిగా" అన్నాడు హర్జోనో, శాంతిని తానే కని పెంచినట్టు.

అరటిచెట్ల కింద గొయ్యి తీశారు. తుకినెమ్‌కు వగిమిన్ మీద పెద్ద ప్రేమేం లేదు. అతని సాంబ్రాణి పొగను బతికినన్నాళ్ళూ వెక్కిరించింది. కానీ గేటు దగ్గర అడ్డంపడ్డ ఆ కుర్రాళ్ళే సాయంత్రం చావు భోజనానికి ముందు వరసలో కూర్చుని, "ఇంకాస్త పులుసు పొయ్యి పెద్దమ్మా" అన్నారు. అప్పుడు ఆమె ఒళ్ళు మండిపోయింది.

కొన్నాళ్ళకు హర్జోనో నవ్వుకుంటూ ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, మా అమ్మాయి పెళ్ళి. నల్ల మాంసప్పులుసు నీ చేత్తోనే పడాలి."

"నేను వండను."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు దుక్కలా ఉంది. మనిషిని పెరట్లో పాతించిన ఊరికి వండడానికి చెయ్యి రావట్లేదు."

"ఊరి శాంతి కోసం కదక్కా..."

"నీ శాంతికి లసియెమ్ పెరడే దొరికిందా? మీ ఇంటి ముందు పూలతోటలో బోలెడు ఖాళీ ఉంది కదయ్యా!"

హర్జోనో గొంతు సవరించుకున్నాడు. "సరే, లసియెమ్ వచ్చి అడిగితే పెద్దమనసుతో ఆలోచిద్దాం."

"అడుక్కుంటే పెట్టేదాన్ని ముష్టి అంటారు. హక్కని కమాను మీద రాయించావుగా, దానర్థం చదువుకున్నవాణ్ణెవణ్ణయినా అడుగు."

ఆయన పట్నం నుంచి కేటరింగు వాళ్ళను పిలిపించాడు. ఊరి ఆడవాళ్ళు ఒక్కరూ సాయానికి రాలేదు. కొందరు లసియెమ్ మీద జాలితో, ఎక్కువమంది తుకినెమ్ నోటికి భయపడి. పులుసు గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. వియ్యపురాలు ఒక గుక్క తాగి, "మీ ఊళ్ళో ఆడవాళ్ళు లేరా?" అని అందరూ వినేలా అడిగింది.

శవం ముందు కరగని మనసులు చప్పటి పులుసు ముందు కరిగాయి. హర్జోనో పంచాయితీ పెట్టి, ఊళ్ళో ఇల్లున్న ఎవరికైనా శ్మశానంలో చోటుందని, ఇకమీదట కార్డు అడగకూడదని తీర్మానం చేయించాడు. వగిమిన్‌ని తెచ్చి అక్కడ పెడదామా అని లసియెమ్‌ను అడిగారు.

"వద్దులే. మీ మనసు మళ్ళీ మారితే మళ్ళీ తవ్వుతారు" అంది.

ఏళ్ళు గడిచి లసియెమ్ పోయినప్పుడు, ఆనాడు అడ్డంపడ్డవాళ్ళే పాడె మోశారు. గేటు తెరిచే ఉంది. హర్జోనో గొయ్యి పక్కన నిలబడి, ఈ ఊరు మొదటినుంచీ అందరినీ కలుపుకుపోయిందని చెప్పడం మొదలుపెట్టాడు.

"కలుపుకుపోయినవాళ్ళు మొగుణ్ణి అరటిచెట్ల కింద, పెళ్ళాన్ని ఇక్కడా ఎందుకు పడుకోబెట్టారో అదీ చెప్పు" అంది తుకినెమ్.

పాడె మోసినవాళ్ళు మట్టి వెయ్యడం మొదలుపెట్టారు.