లాకు దగ్గర కట్టిన ఇల్లు

బడిలో పరాకుగా కూర్చున్న పిల్లలకు బెత్తం చూపి, "పగటికలలు కంటున్నావా?" అని గద్దించేవాడిని. ఆ మాట తిట్టడానికే ఉందనుకునేవాడిని.

ఒకసారి కాలువ పడవలో నరసాపురం వెళుతున్నాను. కాలువ మట్టం మారేచోట, లాకు తలుపుల మధ్య నీరు నిండేదాకా పడవ ఆగింది. నా ఎదురుగా లేసు అల్లుకుంటున్న ఒక నడివయసు స్త్రీ చేయి ఆపి, గట్టుకేసి చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏమ్మా, పగటికలా?" అన్నాను అలవాటు కొద్దీ.

"అవునండి," అంది, ఏమీ సిగ్గుపడకుండా. "ఇల్లు కట్టుకుంటున్నానండి. నిన్న వంటిల్లు పడమట పెట్టాను. గాలికి పొగంతా ఇంట్లోకే వచ్చేస్తోంది. ఇవాళ తూర్పుకి మార్చేశానండి."

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం లేసు ఎత్తి చూపించింది.

"నిద్దట్లో వచ్చే కల మన చేతిలో ఉండదండి. ఇదైతే తప్పు పోయినచోట ఇలా విప్పుకుని, మళ్ళీ అల్లుకోవచ్చు."

లాకు తలుపులు తెరుచుకున్నాయి. ఆమె మళ్ళీ సూది అందుకుంది.

ఉద్యోగం మానుకున్నాక, మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని నేనూ ఒక బడి కట్టుకుంటున్నాను. కిటికీలు చాలానే పెట్టాను. ఎన్నిసార్లు విప్పి కట్టినా, బెత్తానికి మాత్రం చోటు కుదరడం లేదు.