కోటు విప్పిన సంగమ్మ

పటాన్‌చెరులో ఒక ఇరుకు గల్లీ. ఆ గల్లీలోని అబ్దుల్ కరీం ఇంటికి, చనిపోయిన ఆయన భార్య రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చిపోతోందని చుట్టుపక్కలవాళ్లు నెల రోజులు నమ్మారు. వచ్చింది గుల్జార్ బేగం కాదు, సంగమ్మ. పన్నెండింటికి డ్యూటీ దిగి, నీలం కోటు విప్పి సంచిలో పెట్టుకొని, మళ్లీ వచ్చేది.

సంగమ్మది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. నలభై ఆరేళ్లుంటాయి. పదేళ్లు మందుల కంపెనీలో డబ్బాలు కడిగింది. చేతుల మీద చర్మం లేచిపోతే మానేసింది. ఆ రోజుల్లోనే అత్త లక్ష్మీనరసమ్మ జారిపడి మంచం పట్టింది. మూడు నెలలు వెల్లకిలా పడుకోబెట్టారు. వేళకు అన్నం తినిపించారు, ఒళ్లు తుడిచారు. పక్కకు తిప్పాలని మాత్రం ఎవరికీ తెలియలేదు. ఒకనాడు పక్కబట్ట మార్చబోతే నడుము కింద పుండులో తెల్లగా ఎముక కనిపించింది. ఆ వాసన సంగమ్మను ఇప్పటికీ విడవలేదు. బస్సులో కూర్చున్నా ఒక్కోసారి గుప్పుమంటుంది. పక్కవాళ్లు ఎవరూ ముక్కు మూసుకోరు. ఆమె ఒక్కతే కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

తర్వాత ఇళ్లలో రోగులను చూసుకునే పనిలో చేరింది. ఏజెన్సీ ఆమెకో కోటు ఇచ్చింది. కోటు వేసుకొని గడపలో నిలబడి ఫోన్లో ఫొటో పంపితే డ్యూటీ ఎక్కినట్టు, ఇంకోటి పంపితే దిగినట్టు. డ్యూటీ లేని వేళ రోగి ఇంట్లో కనిపిస్తే చోరీ డ్యూటీ కింద లెక్క. ఇంటివాళ్లతో చాటుగా బేరం కుదుర్చుకుందని పనిలోంచి తీసేస్తారు.

కరీం ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఫిట్టర్. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది, చూపు మసకబారింది. నాలుగేళ్లు గుల్జార్ బేగమే ఆయన్ని ఎత్తింది, దించింది, తిప్పింది. ఒక పొద్దున ఆయన బట్టలు పిండుతూ పిండుతూ కుప్పకూలింది. ఇక మిగిలింది కూతురు అరీబా. సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు తయారుచేసే చోట పని. ఏడున్నరకు కంపెనీ బస్సెక్కితే తిరిగి వచ్చేది సాయంత్రం ఆరింటికి. అంతసేపూ సంగమ్మ ఉండేది. ప్రతి రెండు గంటలకూ ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేది.

ఆ ఏడు కనీస వేతనం పెరిగింది. దాని కోసం కంపెనీ గేటు ముందు ఎండలో ధర్నాకు కూర్చున్న ఆడవాళ్లలో అరీబా కూడా ఉంది. సంగమ్మ కూలి కూడా పెరిగింది. ఏజెన్సీ ఆ పెంపులో పైసా తన మీద వేసుకోలేదు. సర్వీసు చార్జీ అని దానికి ఇంకొంత కలిపి మొత్తం అరీబా బిల్లులో చూపించింది. అరీబాకు పెరిగిన జీతం ఆ బిల్లుకు చాలలేదు. రోజంతా ఉండే సంగమ్మను ఒక పూటకు తగ్గించుకుంది. ఏడు నుంచి పన్నెండు.

తప్పు పెంపుది కాదు. ఆ పెంపు ఎప్పుడో రావాల్సింది. మంచాన పడ్డ మనిషిని చూసుకోవడం ఆ ఇంటి సొంత తిప్పలని సర్కారు చేతులు దులుపుకున్నంత కాలం, ఒక కూలిమనిషికి దక్కే కూలి ఇంకో కూలిమనిషి కంచంలోంచే రావాలి. పన్నెండు నుంచి ఆరు దాకా కరీం వీపు ఎవరి పూచీనో ఏ ఉత్తర్వులోనూ లేదు.

"ఆరు గంటలు ఒక్క పక్కకే ఎట్లుంటడు బిడ్డా? ఇప్పటికే నడుము కింద ఎర్రగైంది" అంది సంగమ్మ.

"నాకు తెల్వదా అక్కా? ఏం జెయ్యమంటవ్, నౌకరీ ఇడ్సిపెట్టాల్నా?" అంది అరీబా.

ఏజెన్సీ సంగమ్మకు రామచంద్రాపురంలో రెండో ఇల్లు చూపించింది. అక్కడ నాలుగింటికి ఎక్కాలి. నడుమ నాలుగు గంటలు బస్టాండులో కూర్చునేది. మూడో రోజు రెండవుతుండగా ఆ వాసన వచ్చింది. సంగమ్మ లేచింది.

తాళంచెవి కరెంటు మీటరు డబ్బాలో ఉంటుందని ఆమెకు తెలుసు. ఎండకు కొంగు నెత్తి మీదికి లాక్కొని లోపలికి వెళ్లింది. కరీం తల తిప్పి చూశాడు. ఆయనకు సంగమ్మ అంటే నీలం కోటు. ఆ రోజు కోటు లేదు.

"ఆగయీ, గుల్జార్?" వచ్చావా అని అడిగాడు.

కాదని చెప్పబోయింది. ఆ గొంతులో ఆశ వినిపించింది. "ఆఁ" అంది. ఆయన ఒళ్లు వదులైంది. చెయ్యి వేయగానే తిరిగాడు.

అట్లా రోజూ జరిగింది. ఎక్కిన ఫొటోకూ దిగిన ఫొటోకూ నడుమ ఆమె సంగమ్మ. కూలి లేని వేళ చాకిరీ చేసే ఆడమనిషిని చూస్తే ఆయనకు పెళ్లామే గుర్తొచ్చింది. అందులో వింతేముంది? నాలుగేళ్లు గుల్జార్ బేగం చేసిందీ అదే. ఆమెకెవరూ కోటు కూడా ఇవ్వలేదు.

గోడవైపు ఉండాల్సిన తండ్రి సాయంత్రం తలుపువైపు తిరిగి ఉండటం అరీబా గమనించింది. ఎవరు తిప్పారంటే, "మీ అమ్మీ" అన్నాడాయన. ఎదురింటి కౌసల్యమ్మ ఇంకాస్త చేర్చింది.

"పగటీలి ఆడమనిషి గొంతు ఇనొస్తున్నది బిడ్డా. మీ అమ్మ యాడికీ పోలే. బతికున్నప్పుడు బయటికెల్లలే, సచ్చినంక ఏడికి పోతది?"

మర్నాడు అరీబా సంగమ్మను నిలదీసింది.

"అక్కా, నిజం జెప్పు. నువ్వు మల్ల వస్తున్నవా?"

"నేనెందుకొస్త? పన్నెండుకు దిగిన ఫొటో నీ ఫోన్లకు కూడా వస్తది గద."

అబద్ధం చెప్పాక సంగమ్మ, అరీబా బస్సుకు వెళ్లేదాకా ఆమె ముఖంలోకి చూడలేదు.

వారం తిరక్కుండానే కరీం మొండికేశాడు. కోటు వేసుకున్న సంగమ్మను దగ్గరికి రానివ్వలేదు. కూతురు పట్టుకోబోయినా బాగున్న చేత్తో మంచం పట్టె పట్టుకొని బిగుసుకుపోయేవాడు. "గుల్జార్ వస్తది. ఆమెనే తిప్పుతది" అనేవాడు. రోజుకు ఆ రెండింటి తిప్పు ఒక్కటే మిగిలింది. ఎర్రగా ఉన్నచోట చర్మం పగిలింది. దూది పెట్టి తుడుస్తుంటే సంగమ్మకు ఆ వాసన మళ్లీ వచ్చింది. ఈసారి అది కొండాపూర్ నుంచి రాలేదు. తన చేతి కింది నుంచే వచ్చింది.

ఆదివారం అరీబా ఇంట్లోనే ఉంది. సంగమ్మ ఆమె కళ్లముందే కోటు విప్పింది, కొంగు నెత్తి మీదికి లాక్కుంది, మంచం దగ్గరికి వెళ్లింది.

"గుల్జార్" అన్నాడు కరీం. పట్టె వదిలేశాడు. పసిపిల్లాడిలా తిరిగాడు.

అరీబా గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది.

"ఫుకట్‌గ, పైస లేకుండ చేసినవా అక్కా? నెల రోజులు?"

"పుండైతదని జేసిన."

"మేమెందుకు గేటు కాడ కూసున్నం మరి? నువ్వు గిట్ల జేస్తే మా అమ్మ సచ్చినంక గూడ డ్యూటీ జేసినట్టే గదనే!" కోపంగా అంటూనే ఏడ్చింది. "నాకు పదారేండ్లప్పటి సంది చూస్తున్న, ఆమె నడుం పట్టుకొని లేస్తుండె. ఎవ్వరన్న అడిగిన్రా? నేనడిగిన్నా?"

రోజూ రెండింటికి ఒక గంట కావాలని ఏజెన్సీకి ఫోన్ చేసింది. పూట ఉంది, రోజు ఉంది, ఒక గంట అమ్మే పద్ధతి తమ దగ్గర లేదన్నారు. అరీబా ఫోన్ మంచం మీదికి విసిరేసింది.

"ఆ గంట పైసలు నేనిస్త. నీకే ఇస్త. నువ్వు సంగమ్మలెక్కనే రావాలె."

"దొరికితే నా నౌకరీ పోతది బిడ్డా."

"నా మీదేసి చెప్పు. నేనే రమ్మన్న అని."

సంగమ్మ కరీం వైపు చూసింది. ఇంకో పని మిగిలింది, అది అరీబా చేయగలిగేది కాదు. మంచం పక్కన గొంతుక్కూర్చొని ఆయన చెవి దగ్గర చెప్పింది.

"సాబ్, గుల్జార్ బేగం లేదు. ఇన్నొద్దులు వచ్చింది నేను. సంగమ్మను. తప్పైంది."

ఆయన ఆమె ముఖాన్ని తడిమాడు. చెవి, చెంప, నుదురు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సోమవారం రెండింటికి సంగమ్మ కోటు వేసుకొని గల్లీలో నడిచింది. కౌసల్యమ్మ గడపలోంచి లేచింది. "ఏందే సంగమ్మ, మల్ల తిరిగొస్తివి? ఏమన్న మర్సినవా?"

"డ్యూటీకొచ్చిన" అంది సంగమ్మ, గల్లీ అంతా వినేటట్టు.

లోపల కరీం కళ్లు తెరిచే ఉన్నాయి. నీలం రంగును చూశాడు. దాని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపువైపు కాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. సంగమ్మ చేతులు భుజం కిందికి, తుంటి కిందికి పోనిచ్చింది. ఆయన పట్టె పట్టుకోలేదు, ఒళ్లు వదులు చేయలేదు. ఆమె బలమంతా పెట్టి తిప్పింది. వీపు వెనక దిండు సర్ది వంగి చూస్తే, గోడవైపు తిరిగిన ఆ ముఖం తడిసి ఉంది.