బంతి లేనివాడి కాళ్లు

"మీరు పరేషాన్ కాకుండ్రి. రెఫరీకి నేనే చూపిస్త. పోలీసోళ్లను నేనే పెట్టిస్త."

మా పక్కింటి ఫుట్‌బాల్ కోచ్ పోయాడని కబురు అందినప్పుడు నా చెవిలో మొదట మోగింది ఈ మాటే. పదేళ్లు దాటింది, గద్వాలలో ఒక పెద్దమనిషి మా ఇద్దరికీ ఇచ్చిన మాట ఇది. ఆ మాట తప్పినందుకే ఈ మనిషి పోయాడని నేనంటే, వనపర్తిలో నలుగురు మొహం పక్కకు తిప్పుకున్నారు. ముసలాయనకు చాదస్తం పెరిగిందన్నారు. అననీ. ఈ వయసులో నాకు ఎవరి దగ్గరా మంచి పేరు అక్కర్లేదు.

పొద్దున మైదానంలో సున్నంతో గీతలు వేస్తూ పడిపోయాడు. మహబూబ్‌నగర్ దవాఖానకు చేర్చేలోగా మాట పోయింది. మెదడులో రక్తం చిమ్మిందన్నారు. పాత దెబ్బ వల్లనా అని అడిగితే డాక్టరు "చెప్పలేం" అన్నాడు. ఆయన చెప్పలేడు. నేను చెప్పగలను. ఇనుప కడ్డీ ఆ తలమీద పడిన చప్పుడు నేను విన్నాను.

ఆయన మా పక్క వాటాలోకి వచ్చేటప్పటికి అమ్మాయి రెండో తరగతి, పిల్లవాడికి ఇంకా మాటలు సరిగా రావు. భార్య నాగర్‌కర్నూల్‌లో నర్సు. మొదటి బస్సుకు వెళ్లేది. ఆ తర్వాత ఇల్లంతా ఆయనదే. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంట్లో ఒంటరివాణ్ణి, పొద్దున్నే వాళ్ల గడపలో కూర్చుని పేపరు చదివేవాణ్ణి. అలా నా కళ్లతో చూసిందే ఆయన పని చేసే పద్ధతి.

బియ్యం డబ్బాకు ఫోను ఆనించి పెట్టేవాడు. అందులో నిన్నటి మ్యాచ్. నీళ్ల ట్యాంకు మెట్లమీంచి ఆటగాళ్లలో ఒకడు తీసినది. శబ్దం ఉండదు. ఒడిలో పిల్లవాడు, పాలల్లో నానిన జొన్నరొట్టె ముద్ద. ముందు అమ్మాయి, వీపు ఇటు పెట్టి. ఎడమ జడ అల్లేంతసేపు మన జట్టు, కుడి జడ అల్లేంతసేపు అవతలి జట్టు. రెండో రిబ్బను ముడి పడగానే ఫోను బోర్లా పడేది. ఇక ఆ రోజుకు చూడ్డం అయిపోయింది.

"అబ్బా, జడ వంకర పోతుంది," అనేది అమ్మాయి.

"ఆగు బేటీ. వాళ్ల డిఫెన్సు కూడా వంకరే ఉంది. ముందు అది సక్కగ చెయ్యనీ."

"వాళ్లది సక్కగ చేస్తే మనం ఓడిపోతం గదా!"

ఆయన పగలబడి నవ్వి, జడ విప్పి మళ్లీ అల్లేవాడు.

నాకు ఈ చూడ్డం నచ్చేది కాదు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలని నమ్మినవాణ్ణి. ఒకరోజు కసురుకున్నాను. "ఆట మొత్తం చూడకుండా నీకేం అర్థమైతదయ్యా?"

"మొత్తం చూస్తే ఆట బాగుందనిపిస్తది సార్, అంతే. నాకు ఇద్దరు పిల్లలున్నరు. పూటకు ఒక్క ప్రశ్న పెట్టుకుంట. మన బంతి పోయిన చోట్లే తీసి చూస్త. పోయినంక మనోళ్లు ఏం చేస్తుండ్రు? గంతే."

"బంతి ఎవరి దగ్గరుందో చూస్తవా?"

"బంతిని ఊరంతా చూస్తది సార్. బంతి లేనోని కాళ్లు చూడాలె."

ఆటగాళ్లకు చూపించేది ఇంకా తక్కువ. చిన్న చిన్న ముక్కలు రెండో మూడో. అంతకుమించితే పిల్లల బుర్రలు నిండవు, పొంగిపోతాయి అనేవాడు. పిల్లవాడు తండ్రిని "అబ్బా" అని పిలిస్తే గోలు పడే క్షణమైనా సరే ఫోను ఆపేవాడు. ముద్ద ఆగొద్దు, ఆట ఆగితే ఆగనీ అనేది ఆ ఇంటి చట్టం.

పాఠకులకు మా పాలమూరు ఆట సంగతి కొంత చెప్పాలి. కుర్రతనంలో నేను గోల్‌కీపర్‌ని. నా ముందుపళ్లు రెండు కల్వకుర్తిలో రాలాయి. ఒకడి మోచేయి తగిలి కాదు, ఆట ముగిశాక బెల్టు బకిల్ తగిలి. గెలిచిన జట్టు లారీ ఎక్కేదాకా రాళ్లు పడుతూనే ఉండేవి. దెబ్బ తినడం మగతనం అనుకున్నాం, దెబ్బ కొట్టడం అంతకన్నా పెద్ద మగతనం అనుకున్నాం. యుద్ధాల చరిత్ర ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. రాజుల దగ్గరా మా దగ్గరా ఒకటే చూశాను. కొట్టేవాడు ఎప్పుడూ కొద్దిమందే. కూర్చుని కొట్టనిచ్చేవాళ్లు లెక్కలేనంతమంది.

కోచ్ ఈ అలవాటును అసహ్యించుకున్నాడు. తన జట్టులో అందరికంటే జోరుగా గోల్స్ కొట్టేవాడు పడిపోయినవాణ్ణి కడుపులో తన్నితే, ఆట మధ్యలోనే బయటికి లాగి బూట్లు విప్పించాడు. ఆ మ్యాచ్ ఓడిపోయారు. పిల్లల తండ్రులు ఇంటిమీదికి వచ్చి "నువ్వు కోచ్‌వా, మౌల్వీవా?" అని అరిచారు. ఆయన పిల్లవాడి ముక్కు తుడుస్తూ, "మీ వాని కడుపుల తన్నితే గప్పుడు రండి, మాట్లాడుదం," అన్నాడు. వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

ఆ ఏడు గద్వాలలో జరిగే పోటీల్లో మా జట్టు ఫైనల్ చేరింది. అవతల గద్వాల జట్టు. వాళ్ల పాత మ్యాచ్‌లు మూడు సంపాదించి, రోజూ జడల వేళకు చూస్తున్నాడు. ఒకనాడు అల్లుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సార్, జర ఇటు రండి. బంతిని చూడకుండ్రి. గోలు ముందు నిలబడ్డోన్ని చూడుండ్రి."

వాళ్ల స్టాపర్, గోల్‌కీపర్‌కు ముందు అడ్డంగా కాపలా కాసేవాడు, రాజోలి పక్క కుర్రాడు. బంతి దాటిపోయింది. రెఫరీ కళ్లు దానివెంట పోయాయి. ఆ కుర్రాడు తాపీగా రెండడుగులు వేసి, అవతలివాడు ఏ కాలిమీద బరువు పెట్టి నిలబడ్డాడో చూసుకుని, ఆ మోకాలి పక్కన బూటు అరికాలితో తొక్కాడు. ఇంకో మ్యాచ్‌లో అదే. మూడోదానిలోనూ అదే. జట్టు వెనకబడినప్పుడే, బంతి దాటినాకే. చెట్టు నరికేవాడు గొడ్డలి దెబ్బకు చోటు చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"ఇది కోపం కాదు సార్," అన్నాడు కోచ్. "వానికెవరో నేర్పిండ్రు. మా పోరగాని కాలు ఇరుగుతది."

మూడు చోట్లా కోసి ఒకే ముక్కగా అతికించాడు. అరనిమిషం కూడా లేదు. పెద్దవాళ్లకు తీరిక ఉండదని ఆయనకు తెలుసు. పోటీలు నడిపే కమిటీ పెద్ద గద్వాలలో ఉంటాడు. ఒకప్పుడు నా జట్టులో ఫార్వర్డ్, నా వయసువాడే. అందుకే నేనూ వెంట వెళ్లాను. పిల్లలిద్దరూ కూడా వచ్చారు, ఇంట్లో ఉంచడానికి ఎవరూ లేక. పిల్లవాడు ఆ పెద్దమనిషి సోఫామీద అరటిపండు పూశాడు.

"ఏం లెక్చరర్ సాబ్, ఓడిపోతమని ముందే భయమైతుందా?" అని నవ్వాడు పెద్దమనిషి.

"నవ్వులాట కాదు. చూడు ముందు," అన్నాను నేను.

కోచ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ పోరన్ని తీసెయ్యమంటలేను సార్. రెఫరీకి ఒక్కసారి చూపిస్తే చాలు. బంతి పోయినంక గా పోరని మీద ఒక కన్నేస్తడు. రెఫరీ చూస్తున్నడని తెలిస్తే వాడు తొక్కడు. ఇద్దరు పోలీసోళ్లు నిలబడితే జనం కూడ సల్లగుంటరు."

"ఫోన్ల పంపియ్యి. తీరిగ్గ చూస్త." అప్పుడు అన్నాడు, పైన రాసిన ఆ మాట.

ఫైనల్ రోజు పిల్లలిద్దరితో నేను మెట్లమీద కూర్చున్నాను. పోలీసు ఒక్కడూ లేడు. ఆట మొదలవకముందు కోచ్ రెఫరీ దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆయన ఏ వీడియో అన్నట్టు మొహం పెట్టాడు. అప్పటికి ఈలకు టైమైంది.

మేం ఒక గోలు ముందున్నాం. తిమ్మాజిపేట రైతు కొడుకు, మా ఎడమవైపు ఫార్వర్డ్, బంతిని దాటించి ఒక కాలిమీద ఆగాడు. అందరూ బంతిని చూశారు. నేను ఆ స్టాపర్ కాళ్లు చూశాను, అలా చూడ్డం అప్పటికి నాకూ అలవాటైంది కనక. బూటు పడింది. ఎండుకట్టె విరిచినట్టు మావాడి మోకాలు లోపలికి మడత పడింది. ఆ పిల్లవాడు వేసిన కేక మనిషి కేకలా లేదు.

మావాళ్లు స్టాపర్‌ను పట్టుకుని కొట్టారు. జనం తాడు తెంపుకుని లోపలికి దూకారు. ఇటుక ముక్కలు, బెల్టులు, చెప్పులు. ఒకడి చెవి తెగి వేలాడింది. రెఫరీ పరిగెత్తాడు. విరిగిన కాలితో నేలమీద ఉన్న పిల్లవాణ్ణి జనం తొక్కుతున్నారు. కోచ్ వెళ్లి అతనిమీద బోర్లా పడుకున్నాడు. చెయ్యి ఎత్తలేదు, తిట్టలేదు. కప్పేశాడు, అంతే. మైదానం మూల జెండాకు పాతిన ఇనుప కడ్డీ ఎవడో పీకాడు. అది లేచింది, పడింది. మళ్లీ లేచింది.

నాకున్నవి రెండే చేతులు. ఒకదానితో పిల్లవాడి కళ్లు మూశాను. రెండోదానితో ఉరకబోయిన అమ్మాయిని పట్టి ఆపాను. ఆమె కళ్లు మూయడానికి చెయ్యి మిగల్లేదు.

తర్వాత విచారణ అన్నారు. కమిటీ పెద్ద "నాకు ఏ వీడియో అందలేదు" అన్నాడు. తలకు కట్టుతో మంచంమీద ఉన్న కోచ్ నాకు ఫోను చూపించాడు. పంపిన వీడియో కింద రెండు గీతలూ నీలంగా ఉన్నాయి. ఆ పెద్దమనిషి ఫైనల్‌కు ముందునాడే తెరిచి చూశాడు.

"పద. పేపర్లో వేయిద్దాం, కోర్టుకు పోదాం," అన్నాను.

"పిల్లలు చిన్నగున్నరు సార్. గా పోరని ఆపరేషన్ కాలె. కొట్లాటకు నాకాడ టైం లేదు."

"ఇది కొట్లాట కాదు, న్యాయం."

"న్యాయానికి ఇంకా ఎక్కువ టైం పడ్తది సార్."

ఆయనమీద నాకు ఆనాడు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. నెల్లాళ్లు మాట్లాడలేదు. కానీ ఆయన తన కోపాన్ని కూడా ఆటను చూసినట్టే చూశాడు. అవసరమైన ముక్క ఉంచుకుని మిగతాది కోసేశాడు. నాకు ఆ విద్య రాలేదు. నేను మొత్తం దాచుకున్నాను.

ఆ దెబ్బ తర్వాత ఆయన తెర చూడలేకపోయాడు. కదిలే బొమ్మలు చూస్తే తల పగిలిపోయేది, వాంతులయ్యేవి. బియ్యం డబ్బాకు ఫోను ఆనించడం ఆగలేదు. ఆయన కళ్లు మూసుకుని జడ అల్లేవాడు. అమ్మాయి చూసి చెప్పేది.

"బంతి పోయింది అబ్బా."

"బంతి సంగతి ఇడువు. మన ఏడో నంబరోడు ఏం చేస్తుండు?"

"నడుం మీద చేతులేసుకోని నిలబడ్డడు, పెళ్లిల అన్నం కోసం సూస్తున్నట్టు."

"పక్కోడు?"

"వాడు మంచోడు. ఉరుకుతుండు."

అలా ఎనిమిదేళ్ల పిల్ల కళ్లతో ఒక కోచ్ జట్లను నిలబెట్టాడు. జిల్లా దాటి గెలిచిన ఏళ్లున్నాయి. ఇవాళ డిగ్రీ చదువుతూ ఆ అమ్మాయి చిన్న పిల్లలకు ఆట నేర్పుతోంది. నేను ఇది రాస్తానంటే వాళ్లమ్మ వద్దంది. "పోయినోల్లు పోయిండ్రు సార్, ఉన్నోల్లు బతకాలె," అంది. అమ్మాయి మాత్రం "రాయి తాతా. అబ్బాకు టైం లేకుండె. నీకుంది గదా," అంది.

మొన్న మైదానంలో పాత ఆటగాళ్లు సంతాప సభ పెట్టారు. బల్లమీద ఆయన ఫొటో. గద్వాల నుంచి కారులో కమిటీ పెద్ద వచ్చాడు, వెంట ఫొటోగ్రాఫరు, చేతుల్లో ఇంత లావు బంతిపూల దండ. ఆటకు ప్రాణమిచ్చిన మహానుభావుడని మైకులో చెప్పాడు. నేను లేచి "ప్రాణం ఇయ్యలేదు, తీసిండ్రు," అన్నాను. ఎవరో నా భుజం నొక్కి కూర్చోబెట్టారు. ఆయన విననట్టు దండ ఎత్తాడు.

"మా ముస్లిముల ఇండ్లల్ల ఫొటోకు దండ వెయ్యరు సార్," అంది కోచ్ భార్య, మెల్లగా, అందరికీ వినపడేలా.

అప్పుడే ఆ స్టాపర్ వచ్చాడు. ఇప్పుడు టైర్లకు పంక్చర్లు వేస్తాడట. చేతులు నల్లగా ఉన్నాయి. సున్నపు గీత బయటే నిలబడ్డాడు. రమ్మన్నవాడు లేడు, పొమ్మన్నవాడు లేడు. ముందు వరుసలోంచి తిమ్మాజిపేట రైతు కొడుకు లేచాడు. వంగని కాలు ఈడ్చుకుంటూ, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ, మైదానం అడ్డంగా నడిచాడు. సభంతా ఆ రెండు ఈడ్పులే వినపడ్డాయి. కుర్చీ గీత అవతల వేశాడు.

"కూసో. ఎంతసేపు నిలబడ్తవ్, నీ కాళ్లు మంచిగున్నయని మాకు చూపిస్తానికా?"

స్టాపర్ కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అతణ్ణి క్షమించడం నా పని కాదు, కుర్చీ వేసినవాడి పని. రెఫరీకి ఎవరూ చూపించలేదు, కనక చూడలేదు. కడ్డీ ఎవడెత్తాడో ఇప్పటికీ తేలలేదు. జరగబోయేది ముందే కళ్లారా చూసి కూర్చున్నవాడు ఒక్కడే. బల్ల పక్కన దండ రెండు చేతుల్లో పట్టుకుని, వెయ్యడానికి చోటు లేక, దించడానికి మనసు రాక, ఫొటోగ్రాఫరు వైపు చూస్తూ నిలబడిపోయాడు కమిటీ పెద్ద సుదర్శనం.