పాత బండి పక్కన మనిషి

క్వేకర్స్ హిల్‌లో ద్వారకానాథ్ ఇంటి గరాజ్‌లో రెండు కార్లు పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఆయన భార్య శ్రీదివ్య వెస్ట్‌మీడ్‌లో నర్సు డ్యూటీకి తీసుకెళ్లే కొత్త జర్మన్ సెడాన్. స్టార్టయిందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దం. వెనక పిల్లి దాటినా తెర మీద బొమ్మ వేసి చూపిస్తుంది. రెండోది డెబ్బైల నాటి నారింజరంగు వీ-ఎయిట్ కారు, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. తాళం తిప్పితే వంటింట్లో గిన్నెలు అదిరేవి. అది మాత్రం చుట్టూ ఏముందో ఒక్క ముక్క చెప్పదు. ఆఫీసులో రోజంతా స్క్రీన్లు చూసే ద్వారకానాథ్‌కి అదే నచ్చింది. మార్గరెట్ అనే పెద్దావిడ, భర్త కోలిన్ పోయాక అమ్మకానికి పెడితే కొనుక్కున్నాడు.

బండి వచ్చిన వారంలోనే ఒక ఉదయం శ్రీదివ్య గరాజ్‌లోంచి పిలిచింది.

“ఏవండీ, ఒకసారి రండి. రివర్స్ వేస్తుంటే దానంతటదే బ్రేక్ పడిపోతోంది. మీ బండి పక్కన ఎవరో ఉన్నట్టు చూపిస్తోంది.”

తెర మీద, పాత కారు ముందుసీటు ఎడమ తలుపు దగ్గర బూడిదరంగు మనిషి బొమ్మ. బయట ఎవరూ లేరు. ద్వారకానాథ్ నవ్వుతూ వెళ్లి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

“ఇప్పుడు?”

శ్రీదివ్య తెర మీదకి వంగింది. “ఇప్పుడు ఇద్దరున్నారు.”

సర్వీస్ సెంటర్‌లో సెన్సర్లన్నీ బాగున్నాయన్నారు. ఇంకెక్కడ పార్క్ చేసినా ఆ బొమ్మ రాలేదు. పాత కారు పక్కనే వచ్చేది. కోలిన్ ఏమోనన్న అనుమానంతో ద్వారకానాథ్ మార్గరెట్‌కి ఫోన్ చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వచ్చి, సెడాన్‌లో కూర్చుని తెర వైపు చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

“కోలిన్ కాదు,” అంది. “ఇది కోలిన్‌కి కూడా తెలుసు. బండి కొన్నప్పటి నుంచీ ఆ తలుపు దగ్గర ఎవరో ఎదురు చూస్తున్నట్టుంటుందనేవాడు. బయల్దేరే ముందు తలుపు తీసి, కాస్త ఆగి మూసేవాడు. నేను ఎగతాళి చేసేదాన్ని.”

“ఎవరట?”

“ఎప్పుడూ అడగలేదన్నాడు.”

ఆవిడ వెళ్లాక, అమ్మేద్దామంది శ్రీదివ్య. కొనేవాళ్లకి ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది ఇద్దరికీ తేలలేదు. చివరికి ద్వారకానాథ్ పాత కారు ఎడమ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. గాలి కూడా కదల్లేదు. కొంతసేపటికి నెమ్మదిగా తలుపు వేశాడు.

“లేరు,” అంది శ్రీదివ్య సెడాన్‌లోంచి, సన్నటి గొంతుతో. “తెర మీద ఎవరూ లేరు.”

ఆ బొమ్మ మళ్లీ రాలేదు. శ్రీదివ్య పాత కారు ఎక్కడం మానేసింది. ద్వారకానాథ్ మానలేదు. ఇప్పటికీ హారిస్ పార్క్ కొట్ల నుంచి కూరగాయలు అందులోనే తెస్తాడు. సంచులు మాత్రం వెనక సీట్లో పెడతాడు. మలుపుల దగ్గర, పక్కన పెద్దవాళ్లెవరో కూర్చున్నట్టు, మెల్లగా తిప్పుతాడు.