మా గదిలో ట్రంకాల్ పోయిన సాయంత్రం

కొన్ని పాత ఇంగ్లీషు మాటలు మన నోట్లోంచి ఎందుకు జారిపోతాయో నాకు నేనే ఒక లెక్క కట్టుకున్నాను. మాట చేసే పని పోయిననాడు మాటా పోతుంది. గ్రోసు, ఫర్లాంగు లాంటివి నేను ఒక పాత లెక్కల పుస్తకం తిరగేసి సొంతంగా నేర్చుకున్నవి. సౌదీలోని ఉనైజాలో ఖర్జూరాల ప్యాకింగ్ షెడ్డులో పెట్టెల లెక్క చూసే పనిలో చేరిన కొత్తలో గ్రోసుల్లోనే లెక్క చెప్పేవాణ్ణి. పన్నెండు డజన్లు ఒక గ్రోసు. అట్టపెట్టెలు వందల కట్టలుగా రావడం మొదలయ్యాక ఎవరూ వద్దనకుండానే ఆ మాట పోయింది. నేనేమీ బెంగపడలేదు. వందలతో హెచ్చవేయడం హాయి.

పోస్టాఫీసులో బుక్ చేసి, వాళ్ళు లైను కలిపి పిలిచేదాకా కూర్చునే ట్రంకాల్ మాత్రం అలా మెల్లగా పోలేదు. మా గదిలో అది ఒక్క సాయంత్రంలో పోయింది.

కువైట్ యుద్ధం రోజులు. క్షిపణులు రియాద్ మీద పడుతున్నాయి. మా వైపు ఏమీ లేదు గాని, మన ఊళ్ళలో రేడియో వినేవాళ్ళకు సౌదీ అంతా ఒకటే. నా గదిలో ఉండే అతను రాజమండ్రి వైపు వాడు, వచ్చి ఏడాది కాలేదు. భార్యకు తొలి కాన్పు. ఆపరేషన్ పడవచ్చని డాక్టరమ్మ అన్నదని ఉత్తరం వచ్చేసరికే కాన్పుకు చెప్పిన రోజులు దాటిపోయాయి. ఆసుపత్రి ఎదుట మందుల షాపు ఫోన్ నంబరు అందులో ఉంది. పని కాగానే అతను కాబినాకు, అంటే బజార్లో డబ్బు కట్టి ఫోన్ చేసుకునే చోటుకు వెళ్ళాడు. చీకటి పడినా రాలేదు.

వెతుక్కుంటూ వెళ్తే అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నంబరు రాసిన చీటీ కౌంటర్లోని పాకిస్తానీకి ఇచ్చి, మన పోస్టాఫీసులో లాగే పేరు పిలుస్తారని చూస్తున్నాడట. నమాజుకు షాపు మూస్తే మెట్ల మీద ఉండి, తెరవగానే మళ్ళీ బల్ల చేరాడట.

"లైను దొరకలేదు బావా. యుద్ధం కదా, లైన్లన్నీ మిలిటరీ వాళ్ళకే ఇచ్చేత్తన్నారు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలేంటి? అర్జెంటన్నాను. పోనీ లైట్నింగుకి మార్చమందామా?"

ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు. ట్రంకాల్‌కు మూడు రేట్లు కట్టి మూడు రకాలుగా ఎదురుచూడటం నేర్చిన వాళ్ళం మేము. కౌంటర్ అతన్ని అడిగితే, చీటీ ఎందుకిచ్చాడో తెలియలేదని, ఈయన ఎవరి కోసమో కూర్చున్నాడనుకున్నానని ఉర్దూలో చెప్పి, చీటీ తిరిగి ఇచ్చి, ఖాళీగా ఉన్న ఫోన్ గది చూపించాడు. ఇక్కడ ఎవరూ కలిపి ఇవ్వరు, నంబరు మనమే నొక్కుకోవాలి.

నేను నొక్కాను. అంకెలు నా చేతి మాట వింటాయనుకునేవాణ్ణి, ఆ పూట ఎన్నిసార్లు నొక్కినా ఎంగేజే. అతను అద్దం తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"కబురు నువ్వే విను బావా. తేడాగా ఉంటే మెల్లిగా చెప్పు."

చివరికి మోగింది. షాపాయన "ఆయ్, ఎవరండి?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన రోడ్డు అవతలికి ఎవర్నో కేకేసి కనుక్కుని వచ్చాడు.

"ఆడపిల్లండి. ఆపరేషన్ పడలేదు. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. ఇంతకీ ఆయనెలా ఉన్నారండి? అక్కడ బాంబులంట కదా, ఆవిడ అన్నం ముట్టట్లేదు."

కబురంతా అతనికి చెప్పి రిసీవరు చేతిలో పెట్టాను. తనకేం కాలేదని, ముందు ఆవిణ్ణి అన్నం తినమని చెప్పమన్నాడు. ఆ అరుపు ఫోను లేకుండానే రాజమండ్రికి వినబడేట్టుంది. వరుసలో ఉన్నవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. పాకిస్తానీ ముబారక్ అన్నాడు. ఎవరో సూడానీ చేయి పట్టుకుని వదలకుండా ఊపాడు.

బయటికొచ్చి నాలుగడుగులు వేశాక అతను ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళి, చీటీ చూసుకుంటూ ఒక్కో అంకె తనే నొక్కాడు. మొదటి దెబ్బకే కలిసింది.

"నేనేనండి, ఇందాకటి మనిషిని. ఆడపిల్లన్నారు కదా, ఆ మాట ఇంకోసారి చెప్పండి."